తూకానికి పై హద్దు లేని చోట

(ఒంగోలులో జరిగిన వ్యాయామోపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి శ్రమపడి వచ్చిన తోటి వ్యాయామోపాధ్యాయులకు, వెనక వరుసల్లో సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నా నమస్కారాలు.

కబడ్డీ గురించో, ఖోఖో గురించో మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. నిర్వాహకులు నాకు నచ్చిన విషయం మీద మాట్లాడమన్నారు కనుక, నలభై ఏళ్ళుగా నన్ను వదలని ఒక ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను. హెవీవెయిట్ బాక్సింగ్‌లో, అంటే అందరికన్నా బరువైనవాళ్ళు ఆడే తరగతిలో, ఎత్తు, బలం, వేగం, చేతినేర్పు అన్నీ ఉండి, చూసినవాళ్ళంతా ఇతడు చరిత్రలో నిలిచిపోతాడని చెప్పిన ఎందరో ఎందుకు నిలవలేకపోయారు? ప్రతిభ లేక వెనకబడినవాళ్ళ గురించి నేను అడగడం లేదు, వాళ్ళ సంగతి తేలికగానే అర్థమవుతుంది. ప్రతిభ ఉండి ఆగిపోయినవాళ్ళ గురించి అడుగుతున్నాను.

ఈ ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు ఒకటుంది: బద్ధకం. డబ్బు వచ్చింది, ఒళ్ళు పెరిగింది, సాధన మానేశాడు, ఓడిపోయాడు అంటారు. అందులో అబద్ధం లేదు. కాని అది జవాబు కాదు, జరిగినదాన్ని మళ్ళీ చెప్పడం మాత్రమే. బద్ధకం అన్ని తరగతుల్లోనూ ఉంటుంది. మరి ఒక్క హెవీవెయిట్‌లోనే అది ఇంతమందిని, ఇంత పైనుంచి, ఇంత త్వరగా ఎందుకు కిందికి లాగుతుంది? నా ఆలోచన ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో హెవీవెయిట్ తప్ప మిగిలిన ప్రతి తరగతికీ ఒక పై హద్దు ఉంటుంది. లైట్‌వెయిట్ బాక్సర్ పోటీకి ముందురోజు త్రాసు ఎక్కినప్పుడు 135 పౌండ్లు దాటకూడదు. దాటితే టైటిల్ పోతుంది, డబ్బులో కోత పడుతుంది, కొన్నిసార్లు పోటీయే ఆగిపోతుంది. అందువల్ల కోచ్ ఎదురుగా లేకపోయినా, మేనేజర్ మెతకవాడైనా, ఇంట్లోవాళ్ళు అడిగింది అడిగినట్టు వండిపెట్టినా, అతని నెత్తిన ఒక కనిపించని గురువు ఎప్పుడూ కూర్చునే ఉంటాడు. ఆ గురువు పేరు తూకం. హెవీవెయిట్‌కు ఆ గురువు లేడు. మధ్యలో కొన్ని సంస్థలు కొత్త తరగతులు చేర్చినా, స్థూలంగా ఇప్పుడు 200 పౌండ్లు, అంటే దాదాపు 91 కిలోలు దాటినవాళ్ళంతా హెవీవెయిట్లే. 210 పౌండ్ల మనిషీ అందులోనే, 280 పౌండ్ల మనిషీ అందులోనే. వాళ్ళు కూడా త్రాసు ఎక్కుతారు, విలేకరులు ఆ అంకె రాసుకుంటారు. అంతే, ఆ త్రాసు వాళ్ళను వద్దనదు.

ఇందుకు ఉదాహరణగా జేమ్స్ బస్టర్ డగ్లస్‌ను తీసుకుంటాను. అతని తండ్రి బిల్ డగ్లస్ కూడా బాక్సరే, ఆయన్ని డైనమైట్ అని పిలిచేవారు. బస్టర్‌కు ఎత్తు ఉంది, ఎడమచేతి జాబ్, అంటే చేయి చాచి సూటిగా కొట్టే దెబ్బ, బ్రహ్మాండంగా ఉంది, పొడుగు మనిషైనా పాదాలు తేలికగా కదిలేవి. 1987లో టోనీ టక్కర్‌తో ఖాళీగా ఉన్న టైటిల్ కోసం ఆడినప్పుడు తొమ్మిది రౌండ్లు బాగానే లాక్కొచ్చి, పదో రౌండులో ఆగిపోయాడు. పోరాడే మనసు లేని మనిషని అందరూ ముద్ర వేశారు. మూడేళ్ళ తర్వాత, 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో, అప్పటికి ఎవరి చేతిలోనూ ఓడని మైక్ టైసన్ ముందు నిలబడ్డాడు. లాస్ వేగస్‌లో డగ్లస్ గెలుపు మీద పందెం ధర 42కు 1 దాకా వెళ్ళింది. అంతకు మూడు వారాల ముందే అతని తల్లి చనిపోయింది. ఆ రాత్రి అతను 231 పౌండ్ల పైచిలుకు బరువుతో దిగాడు. ఎనిమిదో రౌండులో కిందపడి, రిఫరీ పది లెక్క పూర్తయ్యేలోగా లేచాడు. పదో రౌండులో టైసన్‌ను పడగొట్టాడు. నాకౌట్ కన్నా ముందరి తొమ్మిది రౌండ్లను చూడమని మా పిల్లలకు నేను చెబుతుంటాను, ఎందుకంటే అంత చక్కని జాబ్ ఆడిన హెవీవెయిట్ రాత్రులు తక్కువ.

అదే మనిషి ఎనిమిది నెలల తర్వాత, అక్టోబరు 25న, ఇవాండర్ హోలీఫీల్డ్‌తో ఆడటానికి త్రాసు ఎక్కితే 246 పౌండ్లు ఉన్నాడు. రెండు కోట్ల డాలర్ల పైగా సొమ్ము ముందే ఖాయమైపోయింది. మూడో రౌండులో పడిపోయాడు. ఆ తర్వాత ప్రపంచ టైటిల్ పోటీ అన్నది అతని జీవితంలో మళ్ళీ రాలేదు.

రిడిక్ బోవ్ కథ నాకు ఇంకా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అతనికి డగ్లస్ కన్నా ఎక్కువ ఇచ్చాడు దేవుడు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్ నుంచి వచ్చినవాడు, ఆరడుగుల అయిదంగుళాల మనిషి. అంత పొడుగువాళ్ళు సాధారణంగా దూరం నుంచే ఆడతారు. బోవ్ దగ్గరికి జొరబడి, పొట్టివాడిలా మోచేతులు దగ్గరగా పెట్టుకుని పక్కటెముకల మీదా, గడ్డం కిందా కొట్టగలడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచాడు, ఫైనల్లో లెనాక్స్ లూయిస్ అతన్ని రెండో రౌండులోనే ఆపేశాడు. అప్పటి నుంచే అతనికి మనసు లేదన్న మాట మొదలైంది. ఎడీ ఫచ్ అనే వృద్ధ శిక్షకుడు అతన్ని తీసుకున్నాడు. జో ఫ్రేజియర్, లారీ హోమ్స్ వంటివాళ్ళను తీర్చిదిద్దిన మనిషి ఆయన. తాను ఊళ్ళో ఉండనని, పొద్దున్నే నువ్వే పరుగెత్తమని బోవ్‌కు చెప్పి, తెల్లవారకముందే చాటున నిలబడి, పిల్లవాడు కొండదారిలో నిజంగా పరుగెత్తుకుంటూ వస్తున్నాడా అని చూసిన తర్వాతే ఫచ్ అతన్ని శిష్యుడిగా ఒప్పుకున్నాడని బాక్సింగ్ లోకంలో చెప్పుకుంటారు. ఆ తెల్లవారుజామున బోవ్ వచ్చాడు. అతను బద్ధకస్తుడిగా పుట్టలేదని చెప్పడానికి నాకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

1992 నవంబరు 13న బోవ్ 235 పౌండ్లతో దిగి హోలీఫీల్డ్‌ను పన్నెండు రౌండ్లలో ఓడించి, తిరుగులేని ఛాంపియన్ అయ్యాడు. ఆ పోటీ పదో రౌండు హెవీవెయిట్ చరిత్రలోని గొప్ప రౌండ్లలో ఒకటి. మరుసటి నెలలోనే లండన్‌లో విలేకరుల ముందు, లూయిస్‌తో ఆడాల్సిన బాధ్యత తెచ్చిపెట్టే డబ్ల్యూబీసీ అనే బాక్సింగ్ సంస్థ ఛాంపియన్ బెల్టును చెత్తబుట్టలో పడేశాడు. దాదాపు ఏడాదికి, 1993 నవంబరులో, అదే హోలీఫీల్డ్‌తో మళ్ళీ ఆడటానికి వచ్చినప్పుడు బోవ్ తూకం 246 పౌండ్లు. డగ్లస్ కూడా అదే మనిషి ముందుకు 246తోనే వచ్చి ఓడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. హోలీఫీల్డ్ మూడేళ్ళ తేడాతో ఇద్దరు ఛాంపియన్లను ఒకే తూకం దగ్గర పట్టుకున్నాడు! బోవ్ పాయింట్ల మీద ఓడిపోయాడు. తన జీవితం మొత్తంలో అతను ఓడిన పోటీ అదొక్కటే. రికార్డు పుస్తకంలో 43 గెలుపులు, ఒక్క ఓటమి. అయినా గొప్పవాళ్ళ వరుస చెప్పేటప్పుడు అతని పేరు దగ్గరకు వచ్చేసరికి అందరూ ఒక నిట్టూర్పు విడుస్తారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. లెనాక్స్ లూయిస్ 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో హసీం రహమాన్ చేతిలో అయిదో రౌండులో నాకౌట్ అయ్యాడు. అది సముద్రమట్టానికి బాగా ఎత్తైన ప్రాంతం, గాలి పల్చన, అక్కడికి ఆలస్యంగా చేరాడు, అంతకుముందు ఒక సినిమా షూటింగులో తిరిగాడు, తూకం 253 పైన ఉంది. అదే ఏడాది నవంబరులో మళ్ళీ రహమాన్‌ను ఎదుర్కొన్నప్పుడు దాదాపు 246 పౌండ్లతో వచ్చి నాలుగో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో లెక్క సరిచేశాడు. బోవ్‌దీ లూయిస్‌దీ దాదాపు ఒకటే ఎత్తు. బోవ్ ఓడిన తూకంతోనే లూయిస్ గెలిచాడన్నమాట. కనుక అంకె మంత్రం కాదు. నెల్లూరు పెద్దారెడ్లు దున్నపోతుకూ దుక్కిటెద్దుకూ బరువు చూసి తేడా చెప్పరు కదా! ఆ బరువు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందన్నదే విషయం. బోవ్ పైకి ఎక్కుతూ 246 దగ్గర ఆగాడు, లూయిస్ కిందికి దిగుతూ ఆగాడు. లూయిస్‌ను ప్రొఫెషనల్ జీవితంలో ఇద్దరే ఓడించారు, ఇద్దరినీ అతను తిరిగి ఓడించాడు. ఓడిన రాత్రి ఏం తప్పు జరిగిందో ఒప్పుకుని, దాన్ని సరిదిద్దుకుని మళ్ళీ అదే మనిషి ముందుకు రావడం వల్లే లూయిస్ గొప్పవాళ్ళ వరుసలో చేరాడని నేను అనుకుంటాను.

తూకం గురువన్నాను. ఆ గురువు దగ్గర చిన్నప్పుడు చదువుకుని, తర్వాత హెవీవెయిట్‌కు వచ్చినవాళ్ళ పేర్లు ఒకసారి చూడండి. ఫ్లాయిడ్ ప్యాటర్సన్ 1952 హెల్సింకీలో మిడిల్‌వెయిట్‌లో స్వర్ణం గెలిచాడు. మహమ్మద్ అలీ 1960 రోములో గెలిచింది లైట్ హెవీవెయిట్ స్వర్ణం. హోలీఫీల్డ్ 1984 లాస్ ఏంజిల్స్‌లో లైట్ హెవీవెయిట్ కాంస్యం గెలిచి, హెవీవెయిట్‌కు కిందనే ఉండే క్రూజర్‌వెయిట్‌లో ప్రపంచ ఛాంపియన్ అయి, అక్కడి నుంచి పైకి వచ్చాడు. మన కాలంలో ఉక్రెయిన్‌కు చెందిన ఒలెక్సాండర్ ఉసిక్ 2018లో క్రూజర్‌వెయిట్‌ను పూర్తిగా గెలిచి, ఆ తర్వాత హెవీవెయిట్‌కు ఎదిగి, 2024 మేలో తనకన్నా చాలా పెద్దవాడైన టైసన్ ఫ్యూరీని ఓడించి అన్ని బెల్టులూ సాధించాడు. వీళ్ళు హెవీవెయిట్‌కు వచ్చేసరికి ప్రతి ముద్దకూ లెక్క చెప్పుకునే అలవాటుతో, పెద్ద దెబ్బ ఒక్కటే దిక్కు కాదన్న తెలివితో వచ్చారు. హోమ్స్, ఫోర్‌మన్, లూయిస్ వంటి పుట్టు హెవీవెయిట్లు గొప్పవాళ్ళు కాలేదా అంటే అయ్యారు. కాని వాళ్ళకు ఆ చదువు వేరే దారిన, చాలాసార్లు ఆలస్యంగా వచ్చింది. ఫోర్‌మన్ 40 పోటీల్లో 37 నాకౌట్లతో 1974లో ఆఫ్రికాలోని కిన్షాసా వెళ్ళి, అలీ ముందు ఎనిమిదో రౌండుకు ఊపిరి అందక కూలిపోయాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 45వ ఏట, నింపాదిగా ఊపిరి దాచుకుని పదో రౌండులో మైఖేల్ మూరర్‌ను పడగొట్టి మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. యౌవనంలో అతని బలమే అతన్ని నేర్చుకోనివ్వలేదు.

నా మాటలో అసలు ముక్క ఇదే. పెద్ద శరీరం తప్పులను క్షమిస్తుంది. చిన్న తరగతుల్లో కాలు తప్పుగా వేస్తే, చేయి కిందికి జారితే, ఆ క్షణంలోనే శిక్ష పడుతుంది, పదహారేళ్ళకే నేర్చుకుంటాడు. హెవీవెయిట్ పిల్లవాడు కాలు తప్పుగా వేసినా, అవతలివాడు రెండో నిమిషంలో పడిపోతాడు కనుక, ఆ తప్పు తప్పుగా కనబడదు. అలా ఇరవై గెలుపులు, ముప్పై గెలుపులు అప్పు మీద అప్పుగా పేరుకుంటాయి. వడ్డీతో సహా అసలు వసూలు చేసేవాడు ఏదో ఒక రాత్రి వస్తాడు. మన సంక్రాంతి తిరునాళ్ళలో బండలాగుడు చూసినవాళ్ళకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. మూపురం చూసి జనం ఈలలు వేసిన గిత్త మొదటి లాగుకు బండను ఉరికిస్తుంది. నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగిందన్న లెక్కకు వచ్చేసరికి, ఉలవలు తిన్నదొక్కటే చాలదని, రోజూ బండ కట్టి తోలినవాడి శ్రమ అందులో ఉందని తెలుస్తుంది.

ఇంతవరకు తప్పంతా బాక్సర్‌దే అన్నట్టు మాట్లాడాను. అది న్యాయం కాదు. 1982 డిసెంబరు నుంచి 1986 డిసెంబరు దాకా డబ్ల్యూబీఏ అనే మరో సంస్థ బెల్టు నడిచిన దారి చూడండి. మైకేల్ డోక్స్, గెరీ కూట్జీ, గ్రెగ్ పేజ్, టోనీ టబ్స్, టిమ్ విథర్‌స్పూన్, జేమ్స్ స్మిత్, నాలుగేళ్ళలో ఆరుగురు. వీళ్ళలో పేజ్, విథర్‌స్పూన్ వంటివాళ్ళు చేతుల్లో నిజమైన విద్య ఉన్నవాళ్ళు. విథర్‌స్పూన్ 1983లో, పట్టుమని ఇరవై పోటీలు కూడా ఆడకముందే, హోమ్స్‌ను దాదాపు ఓడించినంత పని చేశాడు. ఈ తరంలో చాలామంది ప్రమోటర్ డాన్ కింగ్ కింద ఆడారు, వాళ్ళలో పలువురికి మేనేజర్‌గా ఉన్నది కింగ్ సవతి కొడుకు కార్ల్ కింగ్. పోటీ పెట్టేవాడూ, బాక్సర్ తరఫున బేరమాడాల్సినవాడూ ఒకే ఇంటివాళ్ళైతే, బాక్సర్ చేతికి ఏం మిగులుతుందో ఊహించుకోవచ్చు. 1986లో లండన్ వెంబ్లీలో ఫ్రాంక్ బ్రూనోను ఓడించిన ఛాంపియన్ విథర్‌స్పూన్ చేతికి చివరకు లక్ష డాలర్ల లోపే అందింది, ఓడిన బ్రూనోకు అంతకు ఎన్నో రెట్లు ముట్టింది. తర్వాత విథర్‌స్పూన్ కోర్టుకు వెళ్ళి, రాజీ సొమ్ము రాబట్టుకున్నాడు. గెలిచినా ఓడినా ఇంటికి చేరేది ఒకటే అని తెలిసిన మనిషిని తెల్లవారుజామున లేచి పరుగెత్తమని ఏ నోటితో చెబుతాం? మత్తుమందులు కూడా ఆ తరాన్ని తిన్నాయి, కాదనను. గ్రెగ్ పేజ్ 2001లో, నలభై దాటిన వయసులో, కెంటకీలో పదిహేను వందల డాలర్ల కోసం ఆడిన పోటీలో తలకు దెబ్బ తగిలి పక్షవాతం పాలై, 2009లో కన్నుమూశాడు. అతన్ని బద్ధకస్తుడని రాసిన పాత పత్రికల కత్తిరింపులు నా దగ్గర ఉన్నాయి. ఇప్పుడు వాటిని తీసి చదవాలంటే చేయి రాదు.

కాలం కలిసిరానివాళ్ళ గురించి రెండు ముక్కలే చెబుతాను. 1970ల్లో ఆడిన జెరీ క్వారీ, రాన్ లైల్, ఎర్నీ షేవర్స్ వేరే దశాబ్దంలో పుట్టి ఉంటే బెల్టులు కట్టుకునేవాళ్ళే. అలీ, ఫ్రేజియర్, ఫోర్‌మన్, హోమ్స్ ఉన్న రోజుల్లో పుట్టారు. అది వాళ్ళ లోపం కాదు, నా ప్రశ్నలోకి వాళ్ళు రారు.

మనసు సంగతి చెప్పకపోతే ప్రసంగం కుంటుతుంది. పోలండ్‌కు చెందిన ఆండ్రే గొలోటా 1996లో బోవ్‌తో రెండుసార్లు ఆడాడు. రెండుసార్లూ పాయింట్లలో ముందున్నాడు. రెండుసార్లూ నడుము కిందికి కొట్టవద్దని రిఫరీ హెచ్చరించినా కొట్టి, ఒకసారి ఏడో రౌండులో, ఒకసారి తొమ్మిదో రౌండులో అనర్హుడయ్యాడు. మొదటిసారి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పెద్ద గలాటా జరిగింది. గెలుపు అందుబాటులోకి వచ్చినకొద్దీ అతనిలో ఏదో ముడి బిగుసుకునేదని నాకనిపిస్తుంది. ఓటమిని తట్టుకోవడం నేర్పుతాం కాని, గెలుపు దగ్గరకు వచ్చినప్పుడు నిలకడగా ఉండటం మనం ఎవరికీ నేర్పం. నైజీరియాకు చెందిన ఐక్ ఇబియాబుచి సంగతి వేరు. 1997లో డేవిడ్ టువాతో అతను ఆడిన పన్నెండు రౌండ్లలో ఇద్దరూ కలిసి విసిరిన పంచ్‌లు 1,730. హెవీవెయిట్‌లో 2019 దాకా అదే రికార్డు. ఇరవై పోటీల్లో ఒక్కటీ ఓడకుండానే, 1999లో నేరం కేసులో జైలుకు వెళ్ళాడు. అతని మనసు చాలాకాలంగా అనారోగ్యంతో ఉందని చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుసు. అయినా గెలుస్తున్నంతకాలం వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళే తొందర ఎవరికీ లేకపోయింది.

మన దేశంలో ఈ తరగతిలో ఆడినవాళ్ళు తక్కువ, నిలబడినవాళ్ళు ఉన్నారు. హవా సింగ్ 1966లోనూ, 1970లోనూ ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ స్వర్ణం గెలిచి, తర్వాత భివానీలో తరాల పిల్లలకు గురువయ్యాడు. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో అక్కడి అన్నిటికన్నా పై తరగతి అయిన సూపర్ హెవీవెయిట్‌లో ఆడిన మొదటి భారతీయుడు సతీశ్ కుమార్, ముందటి పోటీలో పడిన గాయాలకు ముఖం మీద పదమూడు కుట్లతో క్వార్టర్ ఫైనల్‌లో ప్రపంచ ఛాంపియన్ జలలోవ్ ఎదుట నిలబడ్డాడు. ఓడిపోయాడు. ఇప్పటివరకు నేను చెప్పిన ప్రతిభావంతుల్లో సగం మందికి లేనిది ఆ రోజు అతని దగ్గర ఉంది.

చివరగా నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. చాలా ఏళ్ళ కిందట నా దగ్గరకు ఒక కుర్రాడు వచ్చాడు. సముద్రం పక్క పల్లె, పద్దెనిమిదేళ్ళకే తొంభై అయిదు కిలోలు, కుడిచేయి గూటం లాగా ఉండేది. జిల్లా స్థాయిలో అతనికి ఎదురొచ్చిన ప్రతివాడూ మొదటి రౌండులోనే కూర్చుండిపోయేవాడు. ఎడమచేయి గడ్డం దగ్గర ఉండటం లేదని నాకు మొదటి రోజే కనబడింది. చెబుదామనుకున్నాను. గెలుస్తున్నాడు కదా, ట్రోఫీ బడికి వస్తోంది కదా, ప్రధానోపాధ్యాయుడు సంతోషంగా ఉన్నాడు కదా అని ఊరుకున్నాను. ఆ తర్వాత రాష్ట్రస్థాయి పోటీలో విశాఖపట్నం వైపు కుర్రాడొకడు, వీడికన్నా పది కిలోలు తక్కువవాడు, మొదటి రౌండంతా వెనక్కి నడుస్తూ తప్పించుకుని, రెండో రౌండులో జాబ్ మొదలుపెట్టాడు. మూడో రౌండు వచ్చేసరికి మావాడి చేతులు లేవలేదు. గంట కొట్టాక మూలలో స్టూలు మీద కూలబడి, మూతి తుడుస్తున్న నా వైపు చూసి, కోపం లేకుండా, ఆశ్చర్యంగా అడిగాడు: "ఏంది సార్, మూడో రౌండు ఇంత పొడుగుంటదని మీరెప్పుడూ చెప్పలా?"

నమస్కారం.